అమ్మీ పండుగ ఎప్పుడు?

"మీ పండుగ ఎప్పుడు?"

ఆఫీసులో ఏటా మాకు ఎదురయ్యే ప్రశ్న ఇది. అడిగేవాళ్ళలో అభిమానం ఉంటుంది. కొంచెం బిర్యానీ మీద ఆశ కూడా ఉంటుంది. నెల కనపడితే రేపు, లేకపోతే ఎల్లుండి అంటాం. ముందురోజు దాకా తేదీ తెలియని పండుగేమిటని వాళ్ళు నవ్వుతారు. మేమూ నవ్వుతాం. పండుగ మర్నాడు స్టీలు డబ్బాల్లో షీర్ ఖుర్మా పట్టుకెళ్తాం. తిన్నవాళ్ళు, "మీవాళ్ళ చేతిలో ఏదో ఉందండీ" అంటారు. ఆ 'మీవాళ్ళు' అనే మాటకి ఇన్నేళ్ళుగా మేం ఒక పక్క పొంగిపోతూ, ఒక పక్క లోలోపల ఉడుక్కుంటూ వచ్చాం. ఆ చెయ్యి ఎవరిదని వాళ్ళు అడగలేదు. మేమూ చెప్పలేదు.

ఇంట్లో ఉర్దూ మాట్లాడి, బయట తెలుగులో వార్తలు రాసి బతికే మేం, మమ్మల్ని మీరు చూడటం లేదని మెజారిటీ సమాజాన్ని నిలదీస్తూ చాలా రాశాం. మీ పాఠ్యపుస్తకాల్లో మేమెక్కడ అన్నాం. మీ కథల్లో మా ఇళ్ళేవి అన్నాం. ఆ మాటల్లో ఒక్కటి కూడా వెనక్కి తీసుకోం. కాని అదే ప్రశ్నని ఈసారి మా ఇంటి గడప లోపలికి తిప్పాలనుకుంటున్నాం. మా ఉనికికి ఆనవాళ్ళని మేం గర్వంగా చూపించేవన్నీ ఎవరి చేతుల మీదుగా మాదాకా వచ్చాయో, ఆ మనిషిని మేం చూశామా? పండుగ చేసిన మనిషి ఆ పండుగలో ఉందా?

మా క్యాలెండరు చంద్రుడిది. ఏడాదికి 354 రోజులు, ఒక్కోసారి 355. అందుకని రంజాన్ ఏటా పది, పదకొండు రోజులు ముందుకి జరుగుతూ, ఎండా వానా చలీ అన్నీ చుట్టి, దాదాపు 33 ఏళ్ళకి మళ్ళీ మొదటి చోటికే వస్తుంది. 1986లో రంజాన్ నెల మే నెలలో మొదలైంది. తిరిగి తిరిగి 2019లో మళ్ళీ మేలోనే మొదలైంది. ఈ రెండు రంజాన్‌ల మధ్య మా అమ్మీ జీవితం దాదాపు అంతా గడిచిపోయింది.

1986 నాటికి మేం నలుగురు పిల్లలం. మాలో పెద్దవాళ్ళకి పదేళ్ళు, చిన్నవాళ్ళకి నాలుగు. నల్లగొండ జిల్లాలో చిన్న ఊరు. పెంకుటిల్లు, కట్టెల పొయ్యి. తెల్లవారుజామున నాలుగుంబావు లోపల సహరీ ముగించాలి కాబట్టి అమ్మీ రెండున్నరకే లేచేది. డప్పు కొట్టుకుంటూ వీధుల్లో జనాన్ని లేపే ఫకీరు మా ఇంటిముందుకి వచ్చేసరికే మా వంటింట్లో పొగ ఉండేది. ఖిచిడీ, ఖట్టా, ఉంటే ఖీమా. అందర్నీ లేపి, తినిపించి, చివర్న రెండు ముద్దలు తాను తిని నీళ్ళు తాగేలోపే అజా వినపడేది. అక్కణ్ణుంచి సాయంత్రం ఆరూ ముప్పావు దాకా పద్నాలుగున్నర గంటలు గొంతులో చుక్క నీళ్ళు లేకుండా, మే నెల ఎండలో, పొయ్యి ముందు ఉండేది. రోజా ఉన్న మనిషే గుగ్గిళ్ళు ఉడకబెట్టాలి, పకోడీలు వెయ్యాలి. ఉప్పు సరిపోయిందో లేదో నాలుక మీద వేసుకోకుండానే తెలుసుకోవాలి. ఉప్పు తక్కువైన రోజు మాత్రం దస్తర్‌ఖాన్ దగ్గర అందరికీ తెలిసేది.

సరిగ్గా ఆ రంజాన్‌లోనే, 1986 మే 19న, ముస్లిం స్త్రీల విడాకుల హక్కుల చట్టం వచ్చింది. అంతకు ముందు ఏడాది షాబానోకి భరణం ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. దాని మీద లేచిన గొడవకి పార్లమెంటు ఇచ్చిన జవాబు ఆ చట్టం. దేశం మొత్తం ముస్లిం స్త్రీ గురించే మాట్లాడుతున్న రోజులవి. మా వరండాలో కూడా ఇఫ్తార్ అయ్యాక అబ్బా, ఆయన దోస్తులు కూచుని షరీయత్ గురించి, కోర్టు గురించి గంటలు గంటలు వాదించుకునేవాళ్ళు. వాళ్ళకి చాయ్ లోపల్నుంచి వచ్చేది. పరదా అవతల అమ్మీకి ప్రతి మాటా వినపడేది. చాయ్ కప్పులు తీసుకెళ్ళటానికి మేం లోపలికీ బయటికీ తిరిగేవాళ్ళం. ఆమె ఏమనుకుంటుందో కనుక్కుని రమ్మని మాతో ఎవరూ అనలేదు. షాబానో ఐదుగురు పిల్లల్ని కన్న ముసలి తల్లి అన్న సంగతి కూడా ఆ వాదనల్లో మేం విన్న గుర్తు లేదు.

ఇంకో సంగతి మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. స్త్రీలకి నెలలో కొన్ని రోజులు రోజా ఉండదు. తప్పిన రోజాలు తర్వాత ఖజా చెయ్యాలి. ఆ రోజుల్లో అమ్మీ ఏమీ తినకుండానే తిరిగేది. తినొచ్చు, ధర్మం వద్దనలేదు. కాని పిల్లలు చూస్తారు, ఎందుకమ్మీ తింటున్నావని అడుగుతారు. ఆ సిగ్గుకి వంటింటి మూల గోడవైపు తిరిగి గుక్కెడు నీళ్ళు తాగేది. అంటే ఆ వారం రోజులు పస్తు ఉంది, పుణ్యమేమో లెక్కలోకి రాలేదు. మళ్ళీ పండుగ అయిపోయాక, ఇల్లంతా మూడు పూటలా తింటుంటే, ఆ బాకీ రోజాలు ఒక్కతే ఉండేది. ఆ రోజాలకి డప్పు కొట్టి లేపే ఫకీరు లేడు. ఖర్జూరం పళ్ళెంలో పెట్టి ముందు ఉంచేవాళ్ళు లేరు. మధ్యాహ్నం మాకు అన్నం వడ్డిస్తూనే ఆమె రోజా ఉండేది. మాకు తెలిసేది కాదు. తెలుసుకోవాలని మాకు తట్టలేదు.

ఇక చాంద్ రాత్. నెల కనపడిందని మసీదు నుంచి కబురు రాగానే మేం వీధిలోకి పరిగెత్తేవాళ్ళం. అమ్మీ రాత్రి మొదలయ్యేది. సారపప్పు నానబెట్టి ఒక్కొక్క గింజా నలిపి పొట్టు తియ్యాలి. ఎండు ఖర్జూరాలు నానేసి సన్నగా చీల్చాలి. సేమియా నేతిలో మాడకుండా వేయించాలి. నలుగురి బట్టలకి ఇస్త్రీ, అబ్బా షేర్వానీకి గుండీలు. పొద్దున ఫజర్ అయ్యాక మగపిల్లలకి తలస్నానం, కళ్ళకి సుర్మా, చెవిలో అత్తరు దూది. తక్బీర్ చెప్పుకుంటూ మగవాళ్ళంతా ఈద్గాకి బయల్దేరేవాళ్ళు. ఆడపిల్లలు గుమ్మంలో నిలబడి చూసేవాళ్ళు. అమ్మీ గుమ్మం దాకా కూడా వచ్చేది కాదు. మేం తిరిగి వచ్చేసరికి పాలు మరుగుతుండాలి కదా.

ఇంతవరకు చదివినవాళ్ళు, ముఖ్యంగా మా వాళ్ళు, ఒక మాట అంటారు. ఇదంతా ఆమె ప్రేమతో చేసింది. చెయ్యమని ఎవరైనా కొట్టారా? తల్లి ప్రేమకి కూలి లెక్క కడతారా? ఇలాంటి లెక్కలు బయటి చదువులు నేర్పినవి అంటారు.

ఆ మాటని మేం తేలిగ్గా తీసుకోవటం లేదు. అందులో నిజం ఉంది. అమ్మీకి ఆ పనిలో ఆనందం ఉంది, పట్టుదల ఉంది. పాల చిక్కదనం చెంచా వెనక చూసి చెప్పగలదు. పొట్టు తియ్యని సారపప్పు వేసిన షీర్ ఖుర్మాని మొదటి గుక్కలోనే పట్టేస్తుంది. పనిలో అంత నేర్పు ఉన్న మనిషిని పట్టుకుని, పాపం అణిగిపోయింది అని జాలిపడితే అది ఆమెకి ఇంకో అవమానం. ఆమె మీద జాలి పడే హక్కు మాకు లేదు.

కాని ప్రేమని పరీక్షించటానికి ఒక చిన్న ప్రశ్న ఉంది. ఆమె ఒక్క ఏడాది 'ఈసారి నాకు చాతకాదు' అనగలదా? అంటే మేం ఏం చేస్తాం?

ఆ పరీక్ష మాకు 1997లో ఎదురైంది. అప్పటికి రంజాన్ చలికాలంలోకి వచ్చింది. ఈద్ ఫిబ్రవరిలో. చివరి వారంలో అమ్మీకి టైఫాయిడ్ తగిలింది. మేం అప్పటికి పెద్దవాళ్ళం, మాలో ఇద్దరు డిగ్రీ చదువుతున్నారు. సాహిత్యం, సమానత్వం, విప్లవం అన్నీ మాట్లాడేవాళ్ళం. పండుగనాడు ఈద్గా నుంచి వచ్చేసరికి పొయ్యి వెలగలేదు. సేమియా పొట్లం మూట విప్పకుండా అలాగే ఉంది. అబ్బా హోటలు నుంచి ఏదో తెప్పించారు. తింటూ తింటూ మాలో ఒకరం అన్నాం, "ఈసారి మనకి పండుగే లేదు" అని. మంచం మీద అమ్మీ మేలుకునే ఉంది. జ్వరంతో ఎండిన గొంతుతో, "మాఫ్ కరో బేటా" అంది. ఒళ్ళు కాలిపోతున్న మనిషి, జ్వరం వచ్చినందుకు మమ్మల్ని క్షమాపణ అడిగింది.

ఆ రోజు మాకు ఏమీ అర్థం కాలేదు. పరవాలేదులే అమ్మీ అన్నాం, పెద్ద మనసు చేసుకున్నట్టు. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది. పండుగ లేదు అన్నామే గాని, అమ్మీకి బాగాలేదు అనలేదు. ప్రేమతో చేసిందే అయితే, చెయ్యలేకపోయినందుకు క్షమాపణ ఎందుకు అడిగింది? బాకీ ఉన్నవాళ్ళు కదా క్షమాపణ అడిగేది. ఆమెకి ఇష్టం ఉన్నమాట నిజం. ఆ ఇష్టాన్ని మేం మెల్లగా బాకీగా మార్చుకున్నమాట కూడా నిజం. రెండోదాన్ని దాచటానికి మొదటిదాన్ని అడ్డం పెట్టుకోవటం మేం చేసిన తప్పు.

మరి ఆమె తనకోసం ఏం చేసుకుంది? మనం హాబీ అంటామే, అది ఆమెకి ఉందా? ఉంది. మధ్యాహ్నం గిన్నెలు కడిగాక అసర్ నమాజు దాకా ఒక గంట దొరికేది. ఆ గంటలో పక్కింటి నుంచి తెచ్చుకున్న పాత 'షమా' పత్రికలో మొఅమ్మా నింపేది. పంపటానికి డబ్బులుండేవి కావు, ఊరికే నింపుకునేది. రాత్రి పని ముగిసి, రేడియో అబ్బా చేతిలో లేకపోతే, హైదరాబాద్ కేంద్రం ఉర్దూ ప్రోగ్రాం 'నైరంగ్' వినేది. ఇంకొకటుంది, అది ఆమె ఎవరికీ చెప్పలేదు.

మా వీధిలో సంక్రాంతి నెలంతా ముగ్గులే. అమ్మీకి ముగ్గులంటే ప్రాణం. పొద్దున్నే నీళ్ళకి వెళ్ళే వంకన వీధంతా ఒక చుట్టు తిరిగి, ఎవరి వాకిట్లో ఎన్ని చుక్కల ముగ్గు ఉందో చూసుకుని వచ్చి, మా పాత నోటు పుస్తకాల వెనక పేజీల్లో చుక్కలు పెట్టి గీసుకునేది. మా వాకిట్లో మాత్రం ఎప్పుడూ వెయ్యలేదు. వెయ్యొద్దని ఎవరూ అన్నట్టు మాకు గుర్తు లేదు. ఎవరూ అనక్కర్లేదు. వేస్తే మసీదు నుంచి వచ్చేవాళ్ళు ఏమంటారో ఆమెకి తెలుసు. తురకోళ్ళ వాకిట్లో ముగ్గేంటని వీధిలో ఏమంటారో కూడా తెలుసు. అందుకని ఆ చుక్కల్ని దారంలోకి దించుకుంది. దిండు గలేబుల మీద, ఖురాన్ షరీఫ్‌కి చుట్టే జుజ్‌దాన్ అంచుల మీద, దస్తర్‌ఖాన్ మూలల్లో ఎర్రదారంతో, పచ్చదారంతో కుట్టుకుంది. మేం ఆ దిండ్ల మీదే పడుకుని పెరిగాం. అవి ముగ్గులని మాకు తెలిసింది ఆ నోటు పుస్తకం ఇరవై ఏళ్ళ తర్వాత ట్రంకుపెట్టె అడుగున దొరికినప్పుడు.

మన అస్తిత్వం గురించి మనం గీసే గీతల్లో ఆ నోటు పుస్తకాన్ని ఎటువైపు పెడతారు? ముగ్గు మాది, మీకెందుకు అనేవాళ్ళు ఒకవైపు. ముగ్గు వాళ్ళది, మనకొద్దు అనేవాళ్ళు ఇంకోవైపు. చుక్కలు కలపటంలో ఉన్న ఆనందం అమ్మీది. దానికి ఇటూ చోటు లేదు, అటూ చోటు లేదు.

ఆమెకి తనదంటూ ఒక నీతి కూడా ఉండేది. పండుగనాడు ఎదురింటి పెద్దమ్మ వాళ్ళు మా ఇంట్లో వండింది తినరు. అందుకని అమ్మీ ఒక పళ్ళెంలో పచ్చి సేమియా, చక్కెర, జీడిపప్పు, కిస్మిస్ సర్ది, మీద రుమాలు కప్పి పంపేది. వాళ్ళు వాళ్ళ గిన్నెలో, వాళ్ళ పొయ్యి మీద వండుకునేవాళ్ళు. పెద్దయ్యాక మాకు అది ముల్లులా గుచ్చుకుంది. వండిన చెయ్యి అంటుకుంటుందా అని ఉడికిపోయి, దాని గురించి ఆవేశంగా రాశాం. చప్పట్లు కొట్టించుకున్నాం. ఇంకో సందర్భంలో ఇదే పళ్ళేన్ని గంగా జమునా తెహజీబ్ అని, మతసామరస్యమని పొగిడాం. దానికీ చప్పట్లు వచ్చాయి. ఒకసారి గాయంగా, ఒకసారి దండగా, మా అవసరాన్ని బట్టి అమ్మీ పళ్ళేన్ని వాడుకున్నాం. ఆమె ఎందుకలా పంపుతుందో మాత్రం ఆమెనే అడగలేదు. చాలా ఏళ్ళ తర్వాత అడిగితే మామూలుగా చెప్పింది. వాళ్ళు తినకపోవటం వాళ్ళ తప్పేనట, అది ఆమెకి తెలుసట. కాని పండుగపూట వాళ్ళ పిల్లల నోరు ఊరకుండా ఉండదు కదా, పెద్దల తప్పుకి పిల్లల్ని ఎందుకు పస్తుంచాలి అంది. మా రెండు వ్యాసాల్లోనూ ఈ మాట లేదు.

మతం ఇలాగే ఉండమంది కదా అనేవాళ్ళకి కూడా ఒక జవాబు చెప్పాలి. పండుగ నమాజుకి స్త్రీలని, రుతుస్రావంలో ఉన్నవాళ్ళని సైతం, మైదానానికి తీసుకురమ్మని ప్రవక్త చెప్పినట్టు ఉమ్మె అతియ్యా హదీసు ఉంది. రుతుస్రావంలో ఉన్నవాళ్ళు నమాజు చదవరు, అయినా ఆ శుభంలో, ఆ దువాలో పాలుపంచుకోవాలని అందులోనే ఉంది. ప్రవక్త ఇంట్లో ఉన్నప్పుడు ఏం చేసేవారని అడిగితే, ఇంటివాళ్ళ పనుల్లో సాయంగా ఉండేవారని, నమాజు వేళకి లేచి వెళ్ళేవారని హజ్రత్ ఆయిషా చెప్పిన హదీసు ఉంది. రెండూ బుఖారీలో ఉన్నవే. సున్నత్ అని గడ్డం పొడవు కొలుచుకునే మేం, ఇంటి పని కూడా సున్నతే అన్న సంగతి ఎప్పుడూ కొలుచుకోలేదు. మతం పేరుతో మేం కాపాడుకున్నదాంట్లో మా సుఖం ఎంత ఉందో విడదీసి చూసుకునే ధైర్యం ఇప్పటికైనా కావాలి.

2020 మే 25న ఈద్ వచ్చింది. లాక్‌డౌన్. ఈద్గాలు మూతబడ్డాయి. అబ్బా అప్పటికి లేరు. మేం ఇంట్లోనే హాల్లో చాపలు పరిచాం. మగవాళ్ళం ముందు వరసలో నిలబడ్డాం. అప్పుడు మాలో ఒకరికి తోచి, వంటింట్లో ఉన్న అమ్మీని పిలిచాం. "పాలు పొంగుతాయి" అంది. స్టవ్ ఆర్పేసి రమ్మన్నాం. ఒక్క నిమిషం అలాగే నిలబడి, స్టవ్ ఆర్పేసి, దుపట్టా సర్దుకుని వచ్చి వెనక వరసలో కోడళ్ళ పక్కన, మనవరాళ్ళ పక్కన నిలబడింది. డెబ్బై ఏళ్ళకి దగ్గరపడ్డ మనిషి, యాభై ఏళ్ళకి పైగా మమ్మల్నీ మా నాన్ననీ ఈద్ నమాజుకి తయారుచేసి పంపిన మనిషి, మొదటిసారి ఈద్ నమాజు వరసలో నిలబడింది. సలాం తిప్పాక మేం ఒకరికొకరం ముబారక్ చెప్పుకుంటుంటే ఆమె చాప మీదే కూచుండిపోయింది. మోకాళ్ళ నొప్పేమో అనుకుని లేపబోయాం. ఆగమన్నట్టు చెయ్యి ఊపి, చేతులెత్తి చాలాసేపు దువా చేసుకుంది. ఏం అడుక్కుందో మాకు తెలియదు. ఆ రోజు షీర్ ఖుర్మా పదకొండు దాటాక తాగాం. కొంప మునగలేదు.

ఆ మహమ్మారిలో ఎన్నో ఇళ్ళు దుఃఖపడ్డాయి. దాన్ని మంచిరోజు అనలేం. మాకు మిగిలిన ప్రశ్న మాత్రం ఇది: దేశం మొత్తం మూతబడితే తప్ప మా అమ్మీకి ఆ వరసలో చోటు దొరకలేదే, దాన్ని అన్నాళ్ళు ఆపిందెవరు? ప్రభుత్వం కాదు. మెజారిటీ కాదు. మేమే.

ఇప్పుడు చాంద్ రాత్‌కి ఖర్జూరాలు మేం కోస్తాం. కొడుకులు, మనవలు చుట్టూ కూచుంటారు. ఇంత లావు ముక్కలా అని అమ్మీ విసుక్కుంటుంది. మా చేతిలో కత్తి లాక్కోబోతుంది, మేం ఇవ్వం. ఇదేదో గొప్ప మార్పని చెప్పటం లేదు. నలభై ఏళ్ళ బాకీకి ఒక రాత్రి ఖర్జూరాలు ఏపాటి? పైగా ఆ పని ఆమెదేనన్న గర్వాన్ని లాక్కుంటున్నామేమోనన్న అనుమానం కూడా మాకుంది. అందుకే ఇప్పుడు అడిగి చేస్తున్నాం.

అలా ఒక పండక్కి ముందు అడిగాం. "అమ్మీ, ఈద్‌కు ఆప్‌కు క్యా హోనా?" నీకేం కావాలి అని. బట్టలా, బంగారమా, ఎక్కడికైనా వెళ్ళాలా? చాలాసేపు ఆలోచించింది. చివరికి కొంచెం సిగ్గుపడి, "క్యా బోల్నా సమఝ్ నై ఆరా బేటా" అంది. ఏం చెప్పాలో ఆమెకి తెలియలేదు. ఎవరికి ఏ కూర ఇష్టమో, ఎవరి చొక్కా కొలతెంతో మా అందరి సంగతీ చెప్పగలదు. తనకేం కావాలన్నది ఒక ప్రశ్నగా ఆమెను ఎప్పుడూ చేరలేదు. చేరని ప్రశ్నకి జవాబు ఎక్కణ్ణుంచి వస్తుంది?

మమ్మల్ని మనుషులుగా గుర్తించండని మేం బయట అడుగుతూనే ఉంటాం. అడగటం మానం. కాని ఆ మాట నోటితో అనేముందు, మా ఇళ్ళల్లో గుర్తింపుకి నోచుకోని ఆ మనిషి ఎదురుగా కూచుని, జవాబు వచ్చేదాకా ఓపిగ్గా ఆగాలి. ఆఫీసులో మిత్రులు మళ్ళీ ఏడాది 'మీ పండుగ ఎప్పుడు' అని అడుగుతారు. నెల కనపడితే రేపు, లేకపోతే ఎల్లుండి అని మా పండుగ తేదీ చెప్పేస్తాం. అమ్మీ పండుగ ఎప్పుడో ఇంకా చెప్పలేం. మీ ఇంట్లో అమ్మ పండుగ ఎప్పుడో మీరు చెప్పగలరా?